ఓడెక్కిన ముత్తాతని కాగితాల్లో పట్టుకోవడం ఎలా: 19వ శతాబ్దపు బ్రిటిష్ నావికుల రికార్డులు

మా ఫ్రెండ్ ఒకావిడ, కాకినాడలో నాతో పాటు డిగ్రీ చదివింది, ఆంగ్లో ఇండియన్ల అమ్మాయి, ఇప్పుడు పెర్త్‌లో ఉంటోంది. రెండేళ్ల కిందట ఫోన్ చేసి "ఒరేయ్, మా అమ్మమ్మ వాళ్ల తాతగారు ఇంగ్లండ్ నేవీలో కెప్టెనట, కాకినాడ వచ్చి ఇక్కడే ఉండిపోయాడట, ఏమైనా దొరుకుతుందేమో చూడవా" అంది. ఇదెంత పని, పేరు కొడితే వచ్చేస్తుంది అనుకున్నాను. మూడు నెలలు నేవీ రిజిస్టర్లలో పడి కొట్టుకున్నాక తేలింది, ఆయన నేవీ కాదు, కెప్టెనూ కాదు, సరుకుల ఓడలో సెకండ్ మేట్, అంటే కెప్టెన్, ఫస్ట్ మేట్‌ల తర్వాతి ఆఫీసరు. ఆ మూడు నెలలు మీకు వృథా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ వెతుకులాటలో మనిషి పేరు కంటే రెండు సంగతులు ముఖ్యం: ఏ ఓడ, ఏ సంవత్సరం. సంవత్సరాన్ని బట్టి ఏ రిజిస్టర్ తెరవాలో తెలుస్తుంది, ఓడని బట్టి అందులో ఏ పేజీయో తెలుస్తుంది. ఉత్త పేరు పట్టుకుని దిగితే, అదీ జాన్ విలియమ్స్ లాంటి పేరైతే, మన వైపు వెంకటేశ్వర్రావు గారిల్లెక్కడండీ అని అడిగినట్టే ఉంటుంది.

ముందు ఇంట్లో వెతకండి

కంప్యూటర్ ముందు కూర్చోకముందే పెద్దవాళ్లకి ఫోన్ చేయండి. పాత బైబిల్ మొదటి పేజీల్లో పుట్టిన తేదీలు రాసి ఉంటాయి. ట్రంకు పెట్టె అడుగున డిశ్చార్జి సర్టిఫికెట్లు ఉండొచ్చు. నావికుడు ఓడ దిగిన ప్రతిసారీ ఇచ్చే చిన్న కాగితం అది. దాని మీద ఓడ పేరు, నంబరు, ఎక్కిన తేదీ, దిగిన తేదీ, నడవడిక ఎలా ఉందో 'వెరీ గుడ్' అని ఒక ముద్ర ఉంటాయి. ఇది ఒక్కటి దొరికినా సగం పని అయిపోయినట్టే. మెడల్ ఉంటే అంచు తిప్పి చూడండి, చాలా నేవీ మెడల్స్ మీద పేరు అంచునే చెక్కి ఉంటుంది. ఫోటో ఉంటే టోపీ మీద రిబ్బన్ చదవండి, నేవీ వాళ్లకి అక్కడే ఓడ పేరు ఉంటుంది. నేవీలో మామూలు నావికులకి ఒకే రకం యూనిఫాం వచ్చింది 1857లో. అంతకుముందు బట్టల్ని బట్టి మామూలు నావికుడు నేవీవాడో సరుకుల ఓడవాడో చెప్పడం కష్టం.

ఇంట్లో చెప్పుకునే హోదాని మాత్రం అప్పుడే నమ్మకండి. ఏ కుటుంబంలో చూసినా ఓడెక్కినవాడు మూడో తరానికి కెప్టెన్ అయిపోతాడు. మా ఫ్రెండ్‌తో ఈ మాటంటే "మా ముత్తాతనే కదా కెప్టెన్ కాదన్నావు, నీకేంటి అంత సంబరం" అని గట్టిగానే వేసుకుంది.

నేవీయా, సరుకుల ఓడా?

కాగితాలు ఎక్కువ భాగం లండన్‌లో క్యూ అనేచోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి (క్యూ అంటే వరుస కాదు, ఊరి పేరు). అక్కడ ఏడీఎంతో మొదలయ్యేవి నేవీవి, అంటే అడ్మిరాల్టీవి. బీటీతో మొదలయ్యేవి బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌వి, అంటే సరుకుల ఓడలవి. వాళ్ల వెబ్‌సైట్ కేటలాగ్‌లో ఈ అక్షరాలు, పక్కన నంబరు కొడితే ఆ వరుస తెరుచుకుంటుంది. కొన్ని వరుసల్లో పేరుతో కూడా వెతకొచ్చు, వెతకడానికి డబ్బేమీ అక్కర్లేదు. చాలామంది రెండు వైపులా పనిచేశారు కాబట్టి ఒక వైపు దొరకలేదని వదిలేయకండి, రెండో వైపు కూడా ఒకసారి చూసుకోండి.

నేవీ అయితే

ఇక్కడ గీత 1853 దగ్గర ఉంది. అంతకుముందు మామూలు నావికుడు నేవీలో ఉద్యోగి కాదు, ఒక ఓడలో కూలికి కుదిరినవాడు. ఆ ఓడ పని అయిపోతే డబ్బులిచ్చి పంపేసేవాళ్లు. అందుకే ఆయన మొత్తం సర్వీసు ఒకచోట రాసిన పుస్తకం అసలు లేదు. 1853లో పద్ధతి మారింది, పద్దెనిమిదేళ్ల వయసు నుంచి పదేళ్లకి సంతకం పెట్టించుకుని ప్రతివాడికీ ఒక నంబరు ఇచ్చారు. 1853 నుంచి 1872 దాకా చేరినవాళ్లు ఏడీఎం 139లో, 1873 నుంచి చేరినవాళ్లు ఏడీఎం 188లో ఉంటారు. రెండూ పేరుతో వెతకొచ్చు. పుట్టిన తేదీ, ఊరు, ఎత్తు, కళ్ల రంగు, ఒంటి మీద పచ్చబొట్లు, పనిచేసిన ఓడల వరుస, అన్నీ ఒక్క పేజీలో దొరుకుతాయి. ఆఫీసర్లయితే ఏడీఎం 196. పైగా 1814 నుంచి నేవీ లిస్ట్ అని అధికారికంగా అచ్చయిన జాబితా ఉంది కాబట్టి ఆఫీసర్‌ని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. నిజంగా కెప్టెన్ అయితే ఆయన పేరు అందులో ఉండి తీరాలి. నేను ఈ ఒక్క పని మొదటి రోజే చేసి ఉంటే మూడు నెలలు మిగిలేవి.

1853కి ముందైతే మస్టర్ పుస్తకాలే దిక్కు. ఉపాధి హామీ పనుల్లో మస్టర్ అంటామే, సరిగ్గా ఆ మాటే, ఆ పనే. ఎవడు ఓడ మీద ఉన్నాడు, ఎవడికి తిండి, జీతం లెక్క కట్టాలి అన్నదే దాని గొడవ. ఏడీఎం 36 నుంచి 39 దాకా ఉన్నాయి, ఓడల వారీగా. ఓడ పేరు తెలియకపోతే ఇందులో దిగకండి, మునిగిపోతారు. తెలిస్తే మాత్రం ప్రతి మనిషికీ ఒక వరుస ఉంటుంది: చేరిన తేదీ, వయసు, పుట్టిన ఊరు, హోదా, ఇష్టపడి చేరాడా బలవంతాన పట్టుకొచ్చారా. ఆఖరున ఒకటో రెండో అక్షరాలు ఉంటాయి. ఒక్క డీ ఉంటే పంపేశారు, లేదా ఇంకో ఓడకి మార్చారు. ఆర్ ఉంటే పారిపోయాడు. డీడీ ఉంటే బ్యాంకు డీడీ కాదు, చనిపోయాడు అని.

ఓడ పేరు తెలియకపోతే పెన్షన్ కాగితాలు చూడండి. ఏడీఎం 29లో పెన్షన్ కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల సర్వీసంతా గుమాస్తాలు మస్టర్లు తిరగేసి మరీ ఒకచోట రాశారు. అంటే మీరు చేయాల్సిన పని రెండొందల ఏళ్ల కిందట ఇంకెవరో చేసిపెట్టారన్నమాట. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో పోరాడినవాళ్లయితే ఇంకా సులువు, 18,000 మందికి పైగా పేర్లతో ఆర్కైవ్స్ వాళ్లే ప్రత్యేకంగా ఒక డేటాబేస్ పెట్టారు.

సరుకుల ఓడ అయితే

అసలు కథ ఇక్కడుంది. మామూలు నావికుడి విషయంలో సంవత్సరాన్ని బట్టి దారి నాలుగుగా చీలుతుంది.

1835కి ముందు: కొన్ని రేవుల మస్టర్లు మిగిలాయి, బీటీ 98లో ఉన్నాయి. మీవాడి రేవు అందులో ఉంటే అదృష్టం, లేకపోతే చర్చి రిజిస్టర్ల వైపు వెళ్లడమే.

1835 నుంచి 1844: యుద్ధం వస్తే నేవీకి ఎంతమంది దొరుకుతారో తెలుసుకోవాలని పార్లమెంటు 1835లో చట్టం చేసి దేశంలోని నావికులందరి లెక్కా మొదలుపెట్టింది. బీటీ 120, బీటీ 112 ఆ రిజిస్టర్లు. వయసు, పుట్టిన ఊరు, ఓడల వివరాలు ఉంటాయి గానీ కోడ్ అంకెల్లో ఉంటాయి, మొదట్లో తల తిరుగుతుంది.

1845 నుంచి 1854: ఈ కాలంలోని మనిషైతే పండగే. ప్రతి నావికుడూ గుర్తింపు కార్డు లాంటి ఒక టికెట్ తీసుకోవాలన్నారు, ఆ టికెట్ల రిజిస్టరే బీటీ 113. ఒక ఎంట్రీలో ఏమేం ఉంటాయో చూడండి. పుట్టిన తేదీ, ఊరు. ఎత్తు, జుట్టు, కళ్లు, ఒంటి ఛాయ. గుర్తులు, అంటే మచ్చలూ పచ్చబొట్లూ. మొదటిసారి ఏ హోదాలో ఏ ఏడు ఓడెక్కాడు. నేవీలో ఎప్పుడైనా చేశాడా, విదేశీ ఓడల్లో చేశాడా. రాయడం వచ్చా. ఇవన్నీ ఒక ఎత్తు, పని లేనప్పుడు ఎక్కడ ఉంటాడు అన్న గడి ఒక్కటీ ఒక ఎత్తు. ఎందుకంటే అది కుటుంబం ఉన్న ఊరు, అక్కడి నుంచి 1851 జనాభా లెక్కలకి తిన్నగా వెళ్లిపోవచ్చు. నావికులకి ఈ టికెట్లంటే ఒళ్లు మంట, 1853లో ఎత్తేశారు. తర్వాత బీటీ 116 అని ఇంకో రిజిస్టర్ 1857 దాకా నడిచింది, అందులో వివరాలు తక్కువే. 1835 నుంచి 1857 దాకా ఉన్న ఈ రిజిస్టర్లన్నీ ఫైండ్‌మైపాస్ట్ అనే సైట్‌లో పేరుతో వెతకొచ్చు, దానికి చందా కట్టాలి.

1857 తర్వాత: ఇక్కడ గుండె దిటవు చేసుకోండి. ఇంత ఖర్చు ఎందుకని రిజిస్టర్ ఎత్తేశారు. మళ్లీ 1913 దాకా నావికుల రిజిస్టరే లేదు. యాభై ఏళ్లకి పైగా, బ్రిటిష్ ఓడలు ప్రపంచాన్ని ఏలిన రోజుల్లోనే, పేరుతో వెతికే దారి మూసుకుపోయింది. మా ఫ్రెండ్ ముత్తాత తండ్రి సరిగ్గా ఈ గోతిలోనే ఉన్నాడు, 1870ల మనిషి. ఈ కాలానికి మిగిలినవి ఓడల సిబ్బంది జాబితాలే, క్రూ లిస్టులంటారు.

ఓడ నంబరు, క్రూ లిస్టు

1855 నుంచి రిజిస్టరైన ప్రతి బ్రిటిష్ ఓడకీ ఒక అధికారిక నంబరు ఇచ్చారు. మన ఆధార్ లాంటిది అనుకోండి. ఓడ పేరు మారినా, యజమాని మారినా, రేవు మారినా నంబరు మారదు. ఒకే పేరుతో ఇరవై ఓడలు తిరిగే రోజుల్లో ఈ నంబరు లేకుండా అడుగు ముందుకి పడదు. క్రూ లిస్ట్ ఇండెక్స్ ప్రాజెక్ట్ అని స్వచ్ఛందంగా నడిపే వెబ్‌సైట్ ఉంది, అందులో ఓడ పేరు కొడితే ఆ పేరున్న ఓడలన్నీ నంబర్లతో, రిజిస్టరైన రేవులతో వస్తాయి. రేవు, టన్నులు, సంవత్సరం చూసి మీ ఓడేదో తేల్చుకోండి. తొందరపడకండి, ఇక్కడ తప్పు ఓడ పట్టుకుంటే తర్వాత చేసినదంతా గోదారి పాలే.

నంబరు దొరికాక ఆ ఏడాది జాబితా ఎక్కడుందో చూడాలి. 1860 దాకావి క్యూలోనే, బీటీ 98లో ఉన్నాయి. 1861 నుంచి కాగితాలు కొండలా పెరిగిపోయి అన్నీ దాచలేక పంచేశారు. ప్రతి ఏడాదివీ పదో వంతు నమూనాగా క్యూలో ఉంచుకున్నారు, అది బీటీ 99. 1861, 1862, ఆ తర్వాత 5తో ముగిసే సంవత్సరాలవి (1865, 1875, 1885, అలా) మిగతా భాగం గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉంది. కొన్ని ఆయా ఊళ్ల ఆర్కైవ్స్ తీసుకున్నాయి. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం, మొత్తంలో సుమారు 70 శాతం, అట్లాంటిక్ దాటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కి పోయింది, అక్కడి మెమోరియల్ యూనివర్సిటీలోని మారిటైమ్ హిస్టరీ ఆర్కైవ్‌కి. ఇంగ్లండ్ నావికుడి కోసం కెనడా వాళ్లకి ఈమెయిల్ రాయడం మొదట విచిత్రంగా అనిపిస్తుంది. వాళ్ల సైట్‌లో ఓడ నంబరు కొడితే ఏ సంవత్సరాల లిస్టులు తమ దగ్గరున్నాయో చూపిస్తుంది, రుసుము కడితే కాపీ పంపిస్తారు. రాసేటప్పుడు సుత్తి లేకుండా నంబరు, ఓడ పేరు, సంవత్సరం, వెతుకుతున్న మనిషి పేరు, ఇంతే రాయండి. అమ్మమ్మ కథ వాళ్లకి అక్కర్లేదు.

క్రూ లిస్టు చేతికొచ్చాక నింపాదిగా చదవండి. పేరు, వయసు, పుట్టిన ఊరు, హోదా, జీతం, ఎక్కిన తేదీ, దిగిన తేదీ, దిగిన కారణం. సంతకం కూడా ఉంటుంది, చదువు రానివాడైతే నిశానీగా ఒక ఇంటూ గుర్తు. అయితే వీటన్నిటికంటే విలువైన గడి ఇంకొకటుంది: 'ఇంతకుముందు పనిచేసిన ఓడ'. అది పట్టుకుంటే దాని నంబరు, దాని క్రూ లిస్టు, అందులో మళ్లీ అంతకుముందు ఓడ. ఇలా వెనక్కి వెనక్కి, గొలుసు లాగినట్టు, కుర్రాడిగా మొదటిసారి ఎక్కిన ఓడ దాకా వెళ్లినవాళ్లున్నారు. నేను నాలుగు ఓడలు వెనక్కి వెళ్లాను, ఐదోది ఇంకా దొరకలేదు. వయసుని మాత్రం పట్టించుకోకండి. మావాడు రెండేళ్ల తేడాలో నాలుగేళ్లు పెరిగాడు.

మేటు, మాస్టరు అయితే దగ్గరి దారి

1850 చట్టంతో, విదేశాలకి పోయే ఓడల మాస్టర్లకీ (సరుకుల ఓడ కెప్టెన్‌ని మాస్టర్ అంటారు) మేట్లకీ సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. 1862 నుంచి ఇంజనీర్లకి కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. ఇదే మమ్మల్ని గట్టెక్కించింది. సర్టిఫికెట్ కోసం పెట్టుకున్న దరఖాస్తులు గ్రీనిచ్ మ్యూజియంలో ఉన్నాయి, ఆన్సెస్ట్రీ సైట్‌లో బొమ్మలతో సహా కనిపిస్తాయి. దరఖాస్తులో పుట్టిన తేదీ, ఊరు, చిరునామా, అప్పటిదాకా చేసిన ఓడల పట్టిక, అన్నీ ఆయన చేతిరాతతోనే. మామూలు నావికుడికి లేని సుఖం ఇది. కాబట్టి మీవాడు మేట్ అయ్యుండొచ్చని ఏ కాస్త అనుమానమున్నా మిగతావన్నీ పక్కనపెట్టి ఇక్కడే మొదలుపెట్టండి.

చనిపోయింది సముద్రంలోనైతే 1837 జులై నుంచి ఇంగ్లండ్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర సముద్ర మరణాల రిజిస్టర్ వేరేగా ఉంది. 1851 తర్వాత చనిపోయిన నావికుల బాకీ జీతాలు, సామాన్ల లెక్కలు బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కాగితాల్లో ఉన్నాయి.

మన తీరంలో దిగిపోయినవాళ్లు

మన కోస్తా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. ఇక్కడి యూరోపియన్ల, ఆంగ్లో ఇండియన్ల చర్చి రికార్డుల నకళ్లు ఏటా లండన్ వెళ్లేవి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసువి ఎన్ 2 వరుస. బాప్తిస్మం ఎంట్రీలో బిడ్డ తండ్రి వృత్తి రాస్తారు. మా ఫ్రెండ్ కుటుంబంలో ఒక పిల్ల బాప్తిస్మం దగ్గర తండ్రి పేరు పక్కన 'సెకండ్ మేట్' అని చూసిన రోజే నాకు కెప్టెన్ కథ అయిపోయిందని తెలిసింది. ఫామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ వాళ్ల డేటాబేస్ ఉచితంగానే వెతకొచ్చు, అక్కడ మొదలుపెట్టడం మేలు. ఊరి పేర్లు మాత్రం అప్పటి పలుకుబడిలో వెతకాలి. కాకినాడని కోకనాడ అనీ, భీమునిపట్నాన్ని బిమ్లిపటం అనీ, విశాఖని విజగపటం అనీ రాసేవాళ్లు.

ఆ బాప్తిస్మం ఎంట్రీ నుంచి సర్టిఫికెట్, సర్టిఫికెట్ నుంచి ఓడ, ఓడ నుంచి 1875 క్రూ లిస్టు. మన అదృష్టం, 5తో ముగిసే ఏడు, గ్రీనిచ్‌లో దొరికింది. తీరం వెంబడి తిరిగే స్టీమరది. అందులో ఆయన పేరు, పక్కన జీతం, సంతకం, దిగిన చోటు కోకనాడ. ఫోటో పంపితే అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడ్చింది.

ఆ కాగితంలోనే ఇంకొకటి చూశాను. దొరల పేర్లన్నీ విడివిడిగా, వివరంగా ఉన్నాయి. కింద ఒకే ఒక్క వరుసలో 'లాస్కర్లు' అని రాసి, పక్కన ఒక అంకె వేశారు. ఆ ఓడని నిజంగా నడిపిన మనుషులు వాళ్లే. పేర్లు లేవు.

లాస్కర్లంటే దొరల ఓడల్లో పనిచేసిన మన నావికులు: కళాసీలు, వాళ్ల మీద పెద్దలైన సరంగులు, టిండేళ్లు. బెంగాల్ నుంచి, మలబార్ నుంచి, గుజరాత్ నుంచి, మన కోరంగి వైపు నుంచి కూడా. మీ ముత్తాత వీళ్లలో ఒకడైతే బ్రిటన్‌లో పేరుతో దొరకడం చాలా అరుదు, ఎందుకంటే వాళ్ల ఒప్పందాలు ఇక్కడి రేవుల్లో వేరేగా రాసుకునేవాళ్లు, లండన్ కాగితాల్లో తరచుగా లెక్కే వెళ్లేది. అయినా ఒక దారుంది. 1845 నుంచి సిడ్నీ రేవుకి వచ్చిన ఓడల సిబ్బంది పేర్లని ఆస్ట్రేలియాలో స్వచ్ఛందంగా టైపు చేసి 'మారినర్స్ అండ్ షిప్స్ ఇన్ ఆస్ట్రేలియన్ వాటర్స్' అనే సైట్‌లో పెట్టారు. అక్కడ సిబ్బందిని పేరు, వయసు, దేశంతో నమోదు చేశారు కాబట్టి లాస్కర్ల పేర్లూ కనిపిస్తాయి. ఇంటిపేరు ఉండదు, రామస్వామి రమ్‌సమీ అయిపోతాడు, చెవికి ఎలా వినపడితే అలా రాసేశారు. అందుకే పేరు పైకి చదివి చూడండి, కళ్లతో చదివితే పట్టుబడదు.

ఒక్క తికమక మాత్రం పడకండి. మీ పూర్వీకుడు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కో మారిషస్‌కో చెరకు తోటల కూలీగా ఓడెక్కి ఉంటే ఆయన నావికుడు కాదు, ప్రయాణికుడు. ఆ కాగితాలు వేరు, చాలా మెరుగు కూడా. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన 'ట్రూరో' ఓడ మొదలుకుని నాటాల్ జాబితాల్లో ప్రతి మనిషికీ నంబరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు రాశారు. మారిషస్‌వి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరికి ఫోటోలతో సహా.

మా ఫ్రెండ్ ఇప్పుడు కొత్త పని పెట్టింది. ఆ మేట్‌ని పెళ్లాడిన కాకినాడ పిల్ల ఎవరు, వాళ్ల నాన్న ఏం చేసేవాడు అని. పెళ్లి ఎంట్రీలో ఆవిడకి బాప్తిస్మం పేరొక్కటే ఉంది, తండ్రి గడి ఖాళీ. నాకెందుకో ఆయన కూడా ఏదో ఓడ మీద సరంగేమో అనిపిస్తోంది, ఆధారం ఏమీ లేదు. సిడ్నీ జాబితాలు మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను.